మేస్త్రీని అడగండి: వ్యాను అడుగున తుప్పు

ఈ నెల కవర్లు విప్పితే సగానికి సగం తుప్పు గోలే. మృగశిర కార్తె దగ్గర పడింది కదా, అందరికీ ఒక్కసారిగా బండి అడుగు గుర్తొచ్చినట్టుంది. మైలేజీ ప్రశ్నలు, క్లచ్ ప్రశ్నలు వచ్చే నెల చూసుకుందాం. ఈసారి అందరం వ్యాను కిందే పడుకుందాం.

ప్రశ్న: మేస్త్రీ గారూ, ఆదోనిలో బడి పంతులుగా పనిచేస్తున్నాను. నాది 2014 నాటి మారుతీ ఓమ్ని వ్యాను. మంత్రాలయం, ఉరుకుంద, మా అత్తగారి ఊరి పొలం, ఇంతే దాని తిరుగుడు. మొన్న పంక్చరు వేసే అబ్బాయి కిందికి చూసి, "సార్, అడుగంతా ఎర్రగా అయిపోయింది, నల్ల కోటింగ్ కొట్టించండి, పదేళ్లు మళ్లీ చూడక్కర్లేదు" అన్నాడు. ఒక చోట ఆరు వేలు అడిగారు. కొట్టించమంటారా? అసలు వానే సరిగా పడని మన సీమలో బండికి తుప్పు ఎట్లా పట్టింది?
(ఒక పాఠకుడు, ఆదోని)

జవాబు: ఇప్పుడే కొట్టించొద్దు సార్. ఆ ఆరు వేలు జేబులోనే పెట్టుకొని, పాత దుప్పటి ఒకటి పరుచుకొని, టార్చిలైటు పట్టుకొని ముందు మీరే కిందికి దూరండి. జాకీ మీద లేపిన బండి కిందికి మాత్రం దూరొద్దు. చక్రం మార్చుకునేంతవరకే జాకీని నమ్మాలి. సర్వీసింగు ర్యాంపు మీదికి ఎక్కిస్తే కొంత ఖర్చవుతుంది, కానీయండి.

మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతా. ఏంటికంటే మొదటిదాని జవాబు దాంట్లోనే ఉంది. అనంతపురంలో ఏడాది పొడుగునా పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మీ ఆదోని దిక్కు కూడా గొప్పగా ఏమీ పడదు. నిజమే. కానీ తుప్పుకు కావలసింది ఎంత వాన పడిందన్న లెక్క కాదు, పడిన తడి ఎన్ని రోజులు రేకును పట్టుకొని ఉందన్న లెక్క. మీది నల్లరేగడి. ఒక్క వాన తర్వాత మీ అత్తగారి పొలం దారిన బండి పోయిందంటే, చక్రం విసిరిన బురద మడ్‌గార్డు లోపలి అంచున, అడుగు మడతల్లో పిడకలు కొట్టినట్టు అంటుకుంటుంది. రెండు రోజులకు పైన బీటలు తీసి ఆరినట్టే కనబడుతుంది. గోరుతో గీకి చూడండి, లోపల చల్లగా తగులుతుంది. వారమైనా అంతే. ఆ పిడకను ఊడదీస్తే దాని వెనక రేకు కుంకుమ పూసినట్టు ఉంటుంది. ఎర్రనేలల బండ్లు ఈ విషయంలో కొంచెం అదృష్టవంతులు. ఆ మట్టి తొందరగా ఆరి రాలిపోతుంది.

ఇంకో దొంగ ఉన్నాడు, వాడికి మనమే డబ్బులిచ్చి పిలుస్తాం. వాటర్ సర్వీసింగు. మన దిక్కు శానా చోట్ల బోరు నీళ్లు ఉప్పన. ఆ నీళ్లతో కడిగిన బండిని తుడవకుండా ఎండలో పెడితే అద్దం మీద తెల్ల చుక్కలు మిగులుతాయి కదా, అవే చుక్కలు అడుగునా మిగులుతాయి, అక్కడ తుడిచేవాడు లేడు. తుప్పు అనేది ఒక రకంగా చిన్న కరెంటు పనే సార్. ఒకే రేకులో ఒక చోటు ప్లస్సు, ఒక చోటు మైనస్సు అయి కూర్చుంటాయి. మధ్యలో ఉన్న తడి వైరు పని చేస్తుంది. తడిలో ఉప్పు కలిసిందంటే ఆ వైరు మందమైనట్టు లెక్క. పైగా ఉప్పు ఊరికే ఉండదు, రాత్రిపూట గాలిలోని చెమ్మను తనే లాక్కుంటుంది. వారం వారం బోరు నీళ్ల సర్వీసింగు చేయించే బండి కంటే, నెలకోసారి కొళాయి నీళ్లతో కడిగే బండి అడుగే నాకు ఎప్పుడూ బాగా కనబడింది.

ఇప్పుడు నల్ల కోటింగ్ సంగతి. కోటింగ్ చెడ్డది కాదు. చెడ్డచోట వేస్తే చెడ్డది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెట్టింపుకు పైగా చోటు ఆక్రమిస్తుంది. కింద ఉబ్బుతూ పైనున్న పూతను లేపుతుంది. తారు రకం పూత నాలుగైదు ఎండాకాలాలకు ఎండిపోయి బీటలిస్తుంది, కంకర తగిలినచోట పెచ్చు లేస్తుంది. ఆ సందులోంచి నీళ్లు లోపలికి పోతాయి, మళ్లీ బయటికి రావు. ఏ పూతా లేకుంటే ఆ రేకు కనీసం మన ఎండకైనా ఆరేది.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలును ముంచినప్పుడు మా షెడ్డూ మునిగింది. నీళ్లు తీసినాక నెలల తరబడి బండ్లే బండ్లు. అప్పుడు అందరి గోలా ఒక్కటే, ఇంజను బతకాలి, సీట్లు ఎండాలి. అడుగును పైపు పెట్టి కడిగి, ఒక పూట ఆరబెట్టి, నల్ల రంగు కొట్టి పంపేవాళ్లం. నా చేత్తో కొట్టిన ఓమ్ని ఒకటి మూడేళ్లకు షెడ్డుకు తిరిగొచ్చింది. చక్రం విప్పుదామని జాకీ పెడితే జాకీ లేచింది, బండి లేవలేదు. జాకీ తల రేకులోకి దిగబడిపోయింది. తలుపు కింద, కాలు పెట్టి ఎక్కేచోట పొడుగునా ఒక రేకు డబ్బా ఉంటుంది చూడండి, షెడ్లలో రన్నింగ్ బోర్డు అంటాం, దాన్ని కోసి చూస్తే లోపల రెండు వేళ్ల మందం ఒండ్రు. మూడేళ్లుగా ప్రతి వానకూ తడుస్తూ, ప్రతి సర్వీసింగుకూ తడుస్తూ ఆ మట్టి లోపలి నుంచి రేకును తినేసింది. బయట నేను కొట్టిన నల్ల రంగు మాత్రం నిగనిగలాడుతూ ఉంది. బండి ఆసామి నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అప్పటినుంచి నాకు మొదటి పనిముట్టు సైకిలు స్పోకు. రన్నింగ్ బోర్డు అడుగున, తలుపుల కింది అంచున నీళ్లు కారిపోవడానికి చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. కంపెనీవాళ్లు వాటిని అందానికి పెట్టలేదు. పదేళ్ల ఓమ్నిలో వాటిలో సగం మట్టితో మూసుకుపోయి ఉంటాయి. మిగతా సగం ఎవరో ఒక మేస్త్రీ కొట్టిన కోటింగుతో మూసుకుపోయి ఉంటాయి. మా ఉస్తాద్ ఉన్నప్పుడు బండి షెడ్డులోకి రాగానే ముందు స్పోకు తీసి ఆ రంధ్రాలు పొడిచేవాడు. కుర్రతనంలో మాకది నవ్వులాట. ఒక్కోసారి లోపలినుంచి గ్లాసెడు నీళ్లు కారేవి, వాన పడి నెలైనా సరే.

కాబట్టి మీ పని ఇట్లా మొదలవుతుంది. స్పోకుతో రంధ్రాలన్నీ తెరవండి. రన్నింగ్ బోర్డులోకి సన్నటి పైపుతో మెల్లగా మంచినీళ్లు వదిలి, కిందినుంచి ఎర్రనీళ్లు పోయి తేటనీళ్లు వచ్చేదాకా కడగండి. మట్టి పిడకలన్నీ చెక్క ముక్కతో తీసేయండి. ఆ తర్వాత ఆరాలి. మే నెల ఎండలో నిండా రెండు రోజులు, తలుపులు తెరిచిపెట్టి, లోపలి మ్యాట్లు తీసేసి. ఇది తక్కువ చేస్తే తర్వాత చేసేదంతా దండగ. మన కర్నూలు ఎండను అందరూ తిడతారు గానీ, ఈ ఒక్క పనికి అంతకన్నా మంచి మిషను లేదు.

ఆరినాక స్క్రూడ్రైవరు పిడితో అడుగంతా తట్టుకుంటూ పోండి. మంచి రేకు టంగుమంటుంది. చచ్చిన రేకు తడిసిన అట్టపెట్టెలా దప్పుమంటుంది. అక్కడ మొన పెట్టి కొంచెం నొక్కండి. దిగబడిందా, అది కోటింగ్ పని కాదు, కోసి కొత్త రేకు వేసి వెల్డింగ్ పెట్టే పని. రేకు మందం ముప్పావు మిల్లీమీటరు ఉంటే ఎక్కువ, దాంట్లో సగం తుప్పు తిన్నాక రంగు ఏం మోస్తుంది? దిగబడకుండా పైపైన ఎర్రగా ఉంటే మీ అదృష్టం బాగున్నట్టే. వైరు బ్రష్షుతో పొరలన్నీ రాలగొట్టండి. గ్రైండరుకు కప్ బ్రష్షు తగిలిస్తే పని తొందరగా అవుతుంది గానీ, పెట్రోలు ట్యాంకు, పెట్రోలు పైపు దగ్గర గ్రైండరు పెట్టొద్దు. నిప్పురవ్వకు మీరు పంతులని తెలియదు.

పొరలు రాల్చాక కూడా రేకు గుంటల్లో కొంత ఎరుపు మిగులుతుంది. దానికి రస్ట్ కన్వర్టర్ అని సీసాల్లో దొరుకుతుంది. ఎక్కువగా ఫాస్ఫారిక్ ఆమ్లం, లేదంటే టానిన్ రకం ఉంటుంది. టానిన్ అంటే కొత్తదేమీ కాదు, కరక్కాయలో ఉండే వగరే. శ్రీకాళహస్తి కలంకారీవాళ్లు ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో నానబెట్టి, కరక్కాయ పెట్టిన బట్ట మీద ఆ నీళ్లతో గీస్తే నల్ల గీత పడుతుంది చూశారా, ఇక్కడ జరిగేదీ అదే. ఎర్ర తుప్పు ఆ వగరుతో కలిసి నల్లగా, కదలకుండా అయిపోతుంది. కరక్కాయ కషాయం కాచి వ్యానుకు పూయమని అర్థం కాదండోయ్, పోయిన ఏడాది చింతపండు గురించి రాస్తే ఒకాయన నిజంగానే పులుసు పోశాడు. సీసా మీద రాసినంత సేపు ఆగండి. చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు తప్పనిసరి. వెల్లకిలా పడుకొని చేసే పని, కారేదంతా మొహం మీదికే.

ఆ పైన ఎపాక్సీ ప్రైమరు. రెండు డబ్బాలు వస్తాయి, కలిపిన తర్వాత కొన్ని గంటల్లోనే గట్టిపడిపోతుంది కాబట్టి అయిపోయేంతే కలుపుకోండి. పొద్దున్నే కొట్టండి. మధ్యాహ్నం మన రేకు మీద థిన్నరు అంటుకోకముందే ఆవిరైపోతుంది, ప్రైమరు పొక్కులొస్తుంది. శానా మంది ఇక్కడ కిటికీ గ్రిల్లుకు కొట్టినట్టు రెడ్ ఆక్సైడు కొట్టి వదిలేస్తారు. ఒట్టి రెడ్ ఆక్సైడుకు సన్నటి రంధ్రాలుంటాయి, పైన ఇంకో పూత లేకుంటే చెమ్మ దాటుకొని పోతుంది. ఎర్రగా ఉండడం వల్ల కింద మళ్లీ మొదలైన తుప్పు కూడా కనబడదు.

ఇదంతా అయినాక రండి మీ నల్ల కోటింగ్ దగ్గరికి. ఇప్పుడు కొట్టించండి, సంతోషంగా. తారు రకం కంటే రబ్బరులా సాగే రకం మేలు. ఒక్కసారిగా మందంగా పూసేకంటే రెండు పల్చటి కోట్లు, మధ్యలో ఆరనిచ్చి. చక్రాల గూళ్లలో మాత్రం ఒక కోటు ఎక్కువ పడినా తప్పు లేదు, కంకర దెబ్బంతా అక్కడే. సైలెన్సరు, బ్రేకు డ్రమ్ములు, డిస్కులు, హ్యాండ్‌బ్రేకు తీగలు, వెనక చక్రాలను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు, రబ్బరు బుష్షులు, వీటన్నిటికీ ముందే పేపరు చుట్టి టేపు వేయించండి. షాఫ్టు మీద ఒక పక్క కోటింగ్ పేరుకున్నా బండి వణుకుతుంది. రంధ్రాల్లో తలా ఒక అగ్గిపుల్ల గుచ్చిపెట్టి, కోటింగ్ ఆరినాక పీకేయండి. రన్నింగ్ బోర్డు లోపలికి ఈ నల్లది పోయించొద్దు. దానికి కావిటీ వ్యాక్స్ అని మైనం రకం స్ప్రే ఉంటుంది, సన్నటి గొట్టంతో లోపలికి కొడితే అతుకుల సందుల్లోకి తనే పాకిపోతుంది. నన్నడిగితే బయటి కోటింగు కంటే లోపలి మైనమే ముఖ్యం. కానీ అది ఎవరికీ కనబడదు, అందుకే ఎవరూ అడగరు.

ఆరు వేలు అడిగినాయన్ను ఒక్క మాట అడిగి చూడండి, "కడిగినాక ఎన్ని రోజులు ఆరబెడతావప్పా?" అని. "పొద్దున వదిలిపెట్టండి, సాయంత్రానికి తీసుకుపోండి" అంటే బండి తిప్పుకొని వచ్చేయండి.

ప్రశ్న: అన్నా, అనంతపురంలో మారుతీ వ్యాన్‌లో ఉగ్గాణి, బజ్జీ, దోశ పెట్టి అమ్ముతాము. వెనక గిన్నెలు కడిగే టబ్బు ఉండే చోట నేల ఉబ్బుకొచ్చింది. తడి తగలకూడదని మందం రబ్బరు మ్యాట్ వేసినా ఆగలేదు. కింద నుంచి కోటింగ్ వేయిస్తే సరిపోతుందా?
(ఒక పాఠకురాలు, అనంతపురం)

జవాబు: సరిపోదు చెల్లెమ్మా, నీ తుప్పు పైనుంచి కిందికి వస్తోంది. ఈ రోజే ఆ మ్యాట్ తీసి అవతల పారెయ్. నీళ్లు దాని అంచుల్లోంచి కిందికి పోతాయి, మ్యాట్ మూతలా కూర్చుంటుంది, ఇంక ఆరేదెక్కడ? పైగా నీవి ఒట్టి నీళ్లు కాదు. పులిసిన దోశపిండి, ఉప్పు, చట్నీలో పిండిన నిమ్మకాయ, అన్నీ కలిసిన కడుగునీళ్లు. రేకుకు అంతకన్నా రుచైన భోజనం లేదు.

నేల రేకు ఊడిన చోట కోసి కొత్త ముక్క వేయించాలి. వెల్డింగు ముందు గ్యాసు సిలిండరు, స్టవ్వు, పైపు అన్నీ దింపి దూరంగా పెట్టించు, బ్యాటరీ వైరు తీయించు. "పర్లేదక్కా, రెండు నిమిషాల పని" అనే వెల్డరు దగ్గర అసలు చేయించొద్దు. తర్వాత నేలకు పైనుంచి ఎపాక్సీ ప్రైమరు, దాని మీద రెండు కోట్లు రంగు. టబ్బు కింద అంచులు లేచిన స్టీలు ట్రే ఒకటి చేయించి, దానికి గొట్టం పెట్టి నీళ్లు బక్కెట్లో పడేటట్టు చూసుకో. చాలా వ్యాన్లలో ఆ గొట్టాన్ని నేలకు రంధ్రం చేసి అట్లే కిందికి వదిలేస్తారు, ఆ నీళ్లు కమాన్ కట్టల (బండి బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగుల) మీద, బ్రేకు పైపు మీద రోజంతా కారుతూ ఉంటాయి. ట్రేను నేలకు స్క్రూలతో బిగించొద్దు. ప్రతి స్క్రూ రంధ్రమూ నీళ్లకు ఒక తలుపు. స్టెయిన్‌లెస్ స్టీలు, మామూలు ఇనుము తడిలో ఒకదాన్నొకటి తాకితే నష్టపోయేది ఇనుమే, అందుకని ట్రే కాళ్ల కింద చిన్న రబ్బరు ముక్కలు పెట్టు, గాలి ఆడుతుంది. రాత్రి బండి పెట్టేటప్పుడు కొంచెం ఏటవాలులో, వెనక వైపు పల్లంగా ఉండేటట్టు పెట్టుకుంటే సగం బాధ తప్పుతుంది.

ప్రశ్న: రాజంపేట దగ్గర మా బంధువుల ఊళ్లో ఒక వ్యాను తక్కువ ధరకు వస్తోంది. 2021లో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ముంచినప్పుడు ఆ ఊరూ మునిగింది. "బండి మునగలేదు, గుట్ట మీద ఉండింది" అంటున్నారు. అడుగు చూస్తే కొత్తగా నల్లగా ఉంది. తీసుకోవచ్చా?
(ఒక పాఠకుడు, కడప)

జవాబు: పాత బండికి కొత్త నల్లటి అడుగు చూస్తే నాకు ముందు గుబులు పుడుతుంది. అమ్మేముందు ఎవరూ ప్రేమతో కోటింగ్ కొట్టించరు.

బంధువుల మాట కాదనడానికి మొహమాటం ఉంటుంది కాబట్టి బండినే అడగండి. సీటు బెల్టును చివరిదాకా లాగండి. రోజూ ఎవరూ అంత దూరం లాగరు, మునిగిన బండిలో ఆ చివరి మూరెడు మీద ఒండ్రు గీత ఉంటుంది. స్టెపినీ తీసి అది కూర్చునే చోట వేళ్లు పెట్టి తడమండి. సీటు బోల్టులు నేలలోకి దిగేచోట చూడండి. నేల మ్యాటు మూల ఎత్తి వాసన చూడండి, నది బురద వాసన ఏళ్లయినా పోదు. రన్నింగ్ బోర్డు పొడుగునా చిన్న అయస్కాంతం జరపండి, ఒక చోట పట్టు వదిలిందంటే అక్కడ రేకు బదులు పుట్టీ ఉన్నట్టు. సైకిలు స్పోకు సంగతి పైన పంతులు గారికి చెప్పాను, అదీ చేయండి. రంధ్రంలోంచి మెత్తటి ఒండ్రు రాలితే, గుట్ట మీద వరద వచ్చిందేమో అడిగి, కాఫీ తాగి, వచ్చేయండి.

అన్నీ బాగుంటే తీసుకోండి. నిజంగానే గుట్ట మీద ఉన్న బండ్లూ ఉంటాయి కదా.

ప్రశ్న: పికప్ బండి, తొమ్మిదేళ్లది. వారానికి రెండు మూడు సంతలకు పొట్టేళ్లు, మేకలు తోలుతా. సీజన్లో ఎరువుల మూటలు. ఛాసిస్ పొరలు పొరలుగా లేస్తోంది. లారీలోళ్లు కాలిన ఇంజనాయిలు, డీజిలు కలిపి కిందికి కొట్టమంటున్నారు. కొట్టొచ్చా?
(ఒక డ్రైవరు, పత్తికొండ)

జవాబు: కాలిన ఆయిలు కొట్టొద్దప్పా. పాతకాలంలో మేమూ కొట్టాం, అబద్ధం ఎందుకు. తుప్పు కొంచెం ఆగుతుంది, నిజమే. కానీ ఆ ఆయిలు బుష్షులను, బ్రేకు గొట్టాల రబ్బర్లను ఉబ్బించి మెత్తబరుస్తుంది. దుమ్మంతా దానికే అంటుకొని ఇంకో మట్టి పొర తయారవుతుంది. డ్రమ్ములోకి నాలుగు చుక్కలు పోతే బ్రేకు పట్టదు. వానకు కారి నీ చేల గట్టునే పడుతుంది. కాలిన ఆయిలు ఒంటికి కూడా మంచిది కాదు, చర్మానికి రోజూ తగిలితే క్యాన్సరు తెచ్చే గుణం ఉంది దానికి.

నీ అసలు శత్రువు జీవాల ఉచ్చ. దాంట్లో ఉప్పు ఉంది, పులిసేకొద్దీ అమోనియా వస్తుంది. తొట్టి పలకల సందుల్లోంచి కారి, అడ్డ కమ్ముల మీద నిలుస్తుంది. నువ్వు వేసే వరిగడ్డి దాన్ని పీల్చుకొని రెండు రోజులు తడిగా పెట్టుకుంటుంది. గడ్డి సంత నుంచి వచ్చిన రాత్రే దించెయ్, తెల్లారేదాకా ఉంచొద్దు. తొట్టిని పైనుంచి, ఛాసిస్‌ను కిందినుంచి మంచినీళ్లతో కడుగు. ఎరువుల్లో పొటాష్ మూటలంటే మరీ జాగ్రత్త. మామూలు పొటాష్ అంటే క్లోరైడే, ఉప్పుకు తమ్ముడు. చిల్లు పడిన మూట ఉంటే కింద పట్ట పరిచి వేసుకో.

నీ బండికి ఒక మేలుంది. ఓమ్ని మాదిరి మూసిన డబ్బాలు తక్కువ, ఛాసిస్ కమ్ములు మందం, చూపుకు, చేతికి అందుతాయి. సుత్తితో తట్టి పొరలన్నీ రాలగొట్టించు, మిగిలిన మందం చూడు. పంతులు గారికి చెప్పిన వరసలోనే కన్వర్టరు, ఎపాక్సీ, పైపూత. కమాన్ కట్టలకు రంగు పనికిరాదు, పట్టీలు ఒకదానిమీద ఒకటి రాసుకుంటాయి, అక్కడ గ్రాఫైటు గ్రీజే సరి.

ఇంకొకటి. ఛాసిస్ పక్కనే పోయే బ్రేకు పైపును వేలితో చివరిదాకా తడుముకుంటూ పో. ఐదు మిల్లీమీటర్లు కూడా లేని ఇనుప గొట్టం అది. క్లిప్పుల కింద, ఉచ్చ కారే చోట ముందు చెడుతుంది. గరుకుగా, పొక్కులుగా తగిలితే రంగు కొట్టి దాచొద్దు, మార్పించెయ్. నీ బండి ఎనిమిదేళ్లు దాటింది కాబట్టి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు) ఏటేటా చేయించాలి, ఆ పరీక్షకు పోయే ముందు హడావిడిగా నల్ల రంగు కొట్టించడం మన దిక్కు ఆనవాయితీ. అక్కడ చూసేది ఏడాదికి ఒక రోజు. శ్రీశైలం ఘాటు దిగేటప్పుడు ఆ పైపు మీద కాలు వేసేది నువ్వు.

ప్రశ్న: బ్యాటరీకి తగిలించే చిన్న ఎలక్ట్రానిక్ డబ్బా ఉంటే అసలు తుప్పే పట్టదని ఒకతను అమ్మజూపుతున్నాడు. పనిచేస్తుందా?
(ఒక పాఠకుడు, తాడిపత్రి)

జవాబు: ఓడకు, భూమిలో పాతిన పైపుకు కరెంటుతో తుప్పు ఆపడం ఉంది. అవి ఎప్పుడూ నీళ్లలోనో తడి మట్టిలోనో మునిగి ఉంటాయి, కరెంటు తిరగడానికి దారి ఉంటుంది. రోడ్డు మీద గాలిలో తిరిగే వ్యానుకు ఆ దారి ఎక్కడిది? డబ్బులు దాచుకో. మీ ఊళ్లో బండలు కోసే ఫ్యాక్టరీల పక్కన పార్కింగు అయితే, ఆ పాలలాంటి బండనీళ్లు ఎండి రంధ్రాలు మూసేస్తాయి, స్పోకు ఒకటి కొనుక్కో.

ప్రశ్న: సెలవులకు చీరాల వోడరేవు పోయినాం. పిల్లల సరదాకు వ్యానును తడి ఇసుక దాకా దింపినాము, ఒక అల అడుగుకు తగిలింది. ప్రొద్దుటూరు వచ్చి పది రోజులైంది. ఇప్పుడేమైనా చేయాలా?
(ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు)

జవాబు: పది రోజులు అయిందని వదిలేయొద్దమ్మా, ఈ రోజు చేయండి. వోడరేవులోనే ఏ ఇంటి ముందో మంచినీళ్ల పైపు అడిగి పావుగంట కొట్టి ఉంటే శానా బాగుండేది. ఇప్పుడైనా మంచినీళ్లు, బోరు నీళ్లు వద్దు. ఉప్పు ఎండి గట్టిగా పట్టుకొని ఉంటుంది, ఒక్కసారికి పోదు. కడిగి, గంట నాననిచ్చి, మళ్లీ కడగండి. చక్రాల గూళ్లు, జారుడు తలుపు కింది పట్టా, స్టెపినీ పైభాగం, ఈ మూడింటినీ చేత్తో తడిమి ఇసుక రవ్వ లేదన్నాకే వదలండి. కడిగినాక షెడ్డులో పెట్టకుండా మైదుకూరు దాకా ఒక తిప్పు తిప్పి, వచ్చాక ఎండలో పెట్టండి. వారం తర్వాత మళ్లీ ఒకసారి ఇదే పని. కోటింగ్ ఆలోచన ఆ తర్వాత.

లోపల కూడా చూడండి. వెనక సీటు కింద పిల్లలు గవ్వల సంచి దాచి ఉంటారు, తడి ఇసుకతో సహా. ముందు దాన్ని తీయండి.